విమానం అని రాసిన టేకులు

హెడ్‌ఫోన్లలో వినిపించే కాగితం చప్పుడు మామూలు కాగితం చప్పుడులా ఉండదు. ఎండుటాకుల మీద ఎవరో నడుచుకుంటూ చెవి పక్కకే వచ్చినట్టు ఉంటుంది. ఈ ఉదయం మా రికార్డింగ్ గదిలో కొత్తగా చేరిన లెక్చరరమ్మ ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం చదువుతూ పేజీ తిప్పింది. వాక్యం చివరి రెండు మాటలు ఆ చప్పుడు కింద పడి నలిగిపోయాయి. నేను రికార్డింగ్ ఆపి, ఆ టేకు పక్కన 'పేజీ చప్పుడు' అని టైపు చేశాను. చేసి అలాగే కూర్చుండిపోయాను. అద్దం అవతలి నుంచి ఆమె "ఏమైంది మేడం, మళ్లీ చదవాల్నా?" అని రెండోసారి అడిగేదాకా నేను ఈ గదిలో లేను. చప్పుడు కాకుండా పేజీ తిప్పడం నాకు తెలిసి ఒక్క ఖాదర్ సార్‌కే వచ్చు. పేరా సగంలో ఉండగానే కాగితం మూలను వేలితో పైకి లేపి ఉంచుకునేవారు. ఆఖరి మాట అయ్యాక, ఊపిరి తీసుకునే సందులో దాన్ని అవతలికి వాల్చేవారు. పదకొండేళ్లు ఆయన చదువు విన్నాను. ఆయన పేజీ ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు.

ఖాదర్ సార్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఇల్లు శంషాబాద్‌లోనే, మసీదు వెనక గల్లీలో. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, మాతో మాట్లాడేది మా ఊళ్ల తెలుగు. పుస్తకం తెరిస్తే మాత్రం గొంతు మారేది. ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు వచ్చేది. కొత్తవాళ్లెవరైనా ఆయన పేరు వినకుండా చదువు మాత్రం విని, తర్వాత పేరు తెలుసుకుని ఆశ్చర్యపోతే ఆయన టోపీ సర్దుకుని నవ్వేవారు. రిటైరైన మరుసటి నెలలోనే మా ట్రస్టుకు వచ్చి, "కూసుంటె పొద్దు పోతలేదు, ఏమన్న చదివే పని ఉంటె చెప్పుండ్రి" అని అడిగారట. చూపు లేని పిల్లల కోసం బడి పుస్తకాలను చదివించి, రికార్డు చేసి, ఆడియోలుగా బళ్లకు పంపే చిన్న ట్రస్టు మాది. ఇనుప సామాన్ల దుకాణం మీద రెండు గదులు. గోడలకు శబ్దం కొట్టకుండా పాత బొంతలు వేలాడదీశాం. బొంతలు దుకాణం చప్పుడును కొంత ఆపేవి కానీ విమానాలను ఏం ఆపుతాయి. రెండు మూడు పేరాలకు ఒక విమానం దిగేది. నాకు హెడ్‌ఫోన్లలో గొణుగుడులా వినిపించక ముందే సార్ వేలు పైకి లేచేది. వేలు దించేదాకా ఇద్దరం ఆగేవాళ్లం. తర్వాత పేరా మళ్లీ మొదటి నుంచి.

అట్లా ఒకే పేరాను మళ్లీ మళ్లీ చదివిన ప్రతి చదువునూ టేకు అంటారు. నాలుగు సార్లు చదివితే కంప్యూటర్ తెర మీద నాలుగు పట్టీలు ఒకదాని కింద ఒకటి పరుచుకుంటాయి. వాటిలోంచి బాగున్న ముక్కలు ఎంచి, అతుకు తెలియకుండా కలిపి ఒక్క చదువుగా చేయడం నా పని. నేను తొండుపల్లి పిల్లను. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి ఈ ఉద్యోగంలో చేరాను. కోర్సులో సాఫ్ట్‌వేర్ నేర్పారు కానీ సర్దుకోవడం నేర్పలేదు. చేరిన వారానికే నా ఫోల్డర్ సంతలా తయారైంది. సార్ ఒకరోజు గదిలోంచి బయటికి వచ్చి, "మూడో పేరా రెండోసారి చదివిన గద, అది జర వినిపియ్యి బిడ్డా" అన్నారు. వెతికాను. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఫైనల్ ఇదే' అని వరసగా ఉన్నాయి. ఒకటి తెరిస్తే ఒకటి వచ్చింది. ఆయన నా భుజం మీదుగా తెర చూసి, "గిండ్ల ఆఖరుది ఏది, ఫైనలా, అసలు ఫైనలా?" అని అడిగారు. నేను ఇంకొకటి తెరిచాను, అదీ కాదు.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నా క్లాసుల ముగ్గురు లక్ష్మిలుండిరి. లక్ష్మీ అంటె ముగ్గురు లేస్తుండె. ఇగ నేనేం జేసిన్నంటె, కొత్వాల్‌గూడ లక్ష్మి, కండ్లద్దాల లక్ష్మి, ఊకె నవ్వే లక్ష్మి. అప్పుడు ఎవ్వల్ని పిలిస్తె ఆళ్లే లేసిండ్రు." ఆ రోజు ఇద్దరం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు పాఠం అంకె, తర్వాత పేరా అంకె, తర్వాత టేకు అంకె. చివర, ఆ టేకు ఎందుకు ఆగిందో ఒక్క మాట. మొదటి రోజే నేను ఒకదాని పక్కన 'చెడ్డది' అని రాశాను.

"గిది ఎందుకు చెడ్డది?" అన్నారు సార్.

"మధ్యల ఆగిండ్రు గద సార్."

"ఆగిన. ఎందుకు ఆగిన?"

"దగ్గొచ్చింది."

"మరి దగ్గు అని రాయి. చెడ్డది అంటె రేపు నీకేం సమజైతది? దగ్గుకు ముందు మొత్తం మంచిగనే ఉండె. ఏమైందో అది రాయి బిడ్డా."

అప్పటి నుంచి మా టేకుల పక్కన దగ్గు, తుమ్ము, దుకాణంలో ఇనుము పడ్డ చప్పుడు, కరెంటు అన్నీ చేరాయి. అన్నిటికంటే ఎక్కువ విమానమే. రంజాన్ నెలలో సార్ ఉపవాసం ఉండి చదివేవారు. నోరెండిపోయిన మనిషి మాట్లాడితే మైకులో సన్నగా చిటపటలు వస్తాయి. వాటి పక్కన ఏం రాయాలో తోచక 'రంజాన్' అని రాశాను. ఆయన చూసి చాలాసేపు నవ్వి, "అది గూడ నిజమే" అని, ఆ నెలంతా పొద్దున్నే వచ్చి, తెల్లవారకముందు సహరీ తిన్న బలం ఉండగానే చదివి వెళ్లారు.

మరో రెండేళ్లకు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కంప్యూటర్‌లో జాగా నిండిపోయింది. అతకడం పూర్తయిన పాఠాల్లో నేను వాడుకోని టేకులన్నీ ఎవరినీ అడక్కుండా తీసేశాను. మా దగ్గర జ్యోతి అని ఒకమ్మాయి మైలార్‌దేవ్‌పల్లి నుంచి బస్సులో వచ్చేది. పుట్టుకతో చూపు లేదు. పూర్తయిన ఆడియోలను బళ్లకు పంపే ముందు విని తప్పులు పట్టడం ఆమె పని. ఒక సైన్సు పాఠం విని, "అక్కా, పుట్టగొడుగులు అన్నీ తినొద్దని ఒక వాక్యం ఉంటది. నేను చదువుకున్నప్పుడు ఉండె. గిండ్ల వినొస్తలేదు" అంది. పుస్తకం తీసి చూస్తే నిజమే. రెండు టేకులను అతికేటప్పుడు ఆ వాక్యం మధ్యలో జారిపోయింది. ముందు వాక్యం పుట్టగొడుగులు మంచి ఆహారమని చెబుతోంది, తర్వాతి వాక్యం వానాకాలంలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయని చెబుతోంది. అది విని ఏ పిల్లవాడైనా కోసుకుని తింటే? ఆ ఒక్క వాక్యం తెచ్చి పెడదామంటే పాత టేకులు లేవు. సార్‌కు అప్పుడు జలుబు. గొంతు కలవదు. జలుబు తగ్గాక ఆయన వచ్చి ఆ పాఠం మొత్తం మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివారు, విమానాలతో సహా. నేను అద్దం ఇవతల తల దించుకుని కూర్చున్నాను. చదవడం అయ్యాక బయటికి వచ్చి మంచినీళ్లు తాగి, "తీసేసేది ఎప్పుడన్న తీసేయొచ్చు. ముందుగాల జర పక్కకు పెట్టి చూడు" అన్నారు. అంతే. ఇంటికి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "తిన్నవా?" అని అడిగారు. నేను తినలేదని ఆయనకు తెలుసు.

అటువంటి మనిషి చదువు తడబడడం మొదలైంది. పదో ఏడు కావచ్చు. ఒకరోజు 'నాగలి' అన్న మాట దగ్గర ఆగారు. వేలు లేవలేదు. పుస్తకం వైపు చూస్తూ ఉన్నారు. నేను ఆగాను. "ఏందది… దున్నేది…" అన్నారు చివరికి, తనలో తాను. మళ్లీ మొదటి నుంచి చదివితే ఈసారి సులువుగా వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాతి వారం ఒకే లైను రెండుసార్లు చదివి, చదివినట్టు తెలియకుండానే ముందుకు పోయారు. ఇంకోసారి తూర్పు అని ఉన్నచోట పడమర అన్నారు. "అద్దాలు మార్చాలె" అన్నారు. మార్చారు. పేరాకు మూడు టేకులు పట్టేది ఐదయింది. ఐదు ఎనిమిదయ్యాయి.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన వాక్యం మధ్యలో దారి తప్పినప్పుడు నేను మైకు నొక్కి, "సార్, విమానం వచ్చింది, ఇంకొక్కసారి" అన్నాను. నిజంగా దూరంగా ఏదో వినిపించినట్టే అనిపించింది. ఆయన "అట్లనా" అని మళ్లీ చదివారు. ఆ టేకు పక్కన 'విమానం' అని రాశాను. మర్నాడు ఏ చప్పుడూ లేదు, అయినా అదే మాట అన్నాను. అదే మాట రాశాను. ఆ తర్వాత అలవాటైపోయింది. ఆయనను కాపాడుతున్నానని అనుకున్నాను. తడబడ్డారని చెప్పడానికి నోరు రాలేదు, రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ నెలల్లో నేను చేసినంత మంచి ఎడిటింగ్ ఎన్నడూ చేయలేదు. ఒక వాక్యంలో కర్త రెండో టేకు నుంచి, క్రియ ఏడో టేకు నుంచి తెచ్చేదాన్ని. ఆయన ఊపిరి తీసుకున్న చప్పుళ్లను వేరే ఫోల్డర్‌లో దాచుకుని, అతుకు బయటపడేలా ఉన్నచోట ఒక ఊపిరి పెట్టేదాన్ని. మా ట్రస్టు బాధ్యతలు చూసే పద్మావతి గారు కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆమె, మాట తీరు మెత్తన. ఒక పాఠం విని, "ఖాదర్ గారి చదువు ఈ మధ్య ఇంకా నిదానంగా, ఇంకా చక్కగా వస్తోందమ్మా" అన్నారు. ఆ పొగడ్త సార్‌దా నాదా తేల్చుకోలేదు కానీ, లోపల సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషానికే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

జ్యోతిని మాత్రం మోసం చేయలేకపోయాను. "అక్కా, సార్ ఒక్క వాక్యంల మూడు కుర్సీలు మారినట్టు వినొస్తుంది" అంది. "నీకు అట్లనే అనిపిస్తది" అని కొట్టిపారేశాను. ఆమె ఊరుకోలేదు. తర్వాత సార్ వచ్చిన రోజు, కల్మషం లేకుండా, ఆయననే అడిగింది. "సార్, మీరు ఒక్క వాక్యాన్ని ఒక్కో రోజు జర జర చదువుతుండ్రా?"

సార్ ఆ రోజు చదవడానికి లోపలికి వెళ్లలేదు. నా పక్కన కుర్చీ వేసుకుని, "జ్యోతి విన్న పేరా టేకులన్ని పెట్టు బిడ్డా" అన్నారు. పెట్టాను. తెర మీద ఒకదాని కింద ఒకటి పదకొండు పట్టీలు. విమానం, విమానం, విమానం. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చివరిదాకా చదివారు.

"మంగళారం గిన్ని విమానాలు పోయినయా?"

ఆయన హెడ్‌ఫోన్లు తీసి పెట్టుకుని మొదటి టేకు మీద వేలు పెట్టారు. వినిపించాను. తర్వాత రెండోది. ఒక్కొక్కటీ పూర్తిగా విన్నారు. ప్రతి టేకు చివరా నా గొంతు ఉంటుంది, 'సార్, విమానం వచ్చింది' అంటూ. ఆ మాటకు ముందు గానీ వెనక గానీ ఏ విమానమూ లేదు. బొంతల గది నిశ్శబ్దమే ఉంది. పదకొండూ అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు.

"నాకు విమానం వినొస్తలేదు, నీకు వినొస్తుంది. చెవులు పోతున్నయని పరేషాన్ అయిన బిడ్డా. రెండుసార్లు చెవుల డాక్టర్ తాన పోయిన. మంచిగున్నయని పంపిండు. నేనే నమ్మలే."

నేను ఏడ్చాను. ఆయన కోపగించుకుని ఉంటే బాగుండేది. కానీ ఆయన కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు.

"ఇగ పేర్లు మార్చు. నేను చెప్త, నువ్వు రాయి. మొదటిది, నాగలి మల్ల దొరకలే."

రాశాను.

"రెండోది, ఒకటే లైను రెండుసార్లు. మూడోది, తూర్పుకు పడమర. నాలుగోది…" ఆగి మళ్లీ విన్నారు. "నాలుగోది ఎందుకు ఆగిన్నో నాకే తెల్వదు. తెల్వదు అని రాయి. ఏడ్వకు బిడ్డా, అక్షరాలు తప్పు పడ్తున్నయ్."

ఆ వారమంతా కూర్చుని, ఆ ఏడాది టేకులన్నీ విని పేర్లు మార్చాం. తర్వాత తేదీలతో సహా ఆ పట్టిక ప్రింటు తీయమన్నారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నన్నూ రమ్మన్నారు. "టేకుల సంగతి నువ్వే చెప్పాలె, నాకు మధ్యల మాట దొరక్కపోతె ఎట్ల" అన్నారు. వాళ్లింటావిడ రజియా చాచీ కూడా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరు ఆ కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఇంత వివరంగా ఎవరు రాశారని అడిగాడు. స్కానింగ్ చేయించాక చెప్పాడు. మెదడులో సన్నటి రక్తనాళాలు కొన్ని మూసుకుపోయాయట. ఒక్కసారి కాదు, కొద్దికొద్దిగా, మనిషికి తెలియకుండానే. మందులతో ఇక ముందు జరగబోయేది ఆపవచ్చు, పోయింది తిరిగి రావడం కష్టం అన్నాడు. "ఇంకో ఆరు నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. సార్ నా వైపు చూడలేదు. బయటికి వచ్చాక చాచీ ఆత్రంగా లేచి అడిగితే, మందులిచ్చాడు, ఫికరు లేదు అని ఉర్దూలో చెప్పి, ఆమె చేతిలోని సంచి తను అందుకున్నారు. ఆరు నెలల మాట ఆమెకు చెప్పలేదు. ఆ తర్వాతా ఎప్పుడూ చెప్పలేదు.

చదవడం మానేశారు కానీ రావడం మానలేదు. ఆయన చదువుతున్న తెలుగు వాచకంలో ఐదు పాఠాలు మిగిలాయి. పద్మావతి గారు వేరే వాళ్లను చూస్తానంటే, "ఎందుకు మేడం, శ్రీలత ఉంది గద" అన్నారు. శ్రీలతంటే నేనే. నా నోట తొండుపల్లి తప్ప ఏం వస్తుంది? అయినా లోపలికి పంపారు. తను నా కుర్చీలో కూర్చున్నారు. నేను రేడియోలో వార్తలు చదివే వాళ్లను తలుచుకుని, నాలుక మడతపెట్టి, మొదటి పేరా చదివాను. హెడ్‌ఫోన్లలో ఆయన గొంతు వినిపించింది. "ఎవ్వరి గొంతు తెచ్చినవ్ బిడ్డా? అది వాపస్ ఇచ్చి రా."

నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే రెండో టేకు చదివాను. ఆయనకు మాటలు దొరకని రోజులవి. కప్పును గ్లాసు అనేవారు, జ్యోతిని ఒకసారి లక్ష్మి అన్నారు. కానీ వాక్యం ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో మాత్రం ఆయనలో చెక్కుచెదరలేదు. గాలిలో చెయ్యి మెల్లగా కిందికి తెచ్చి చూపించేవారు, ఇక్కడ దించు అని. ఐదు పాఠాలకు రెండు నెలలు పట్టింది. ఆఖరి పాఠం విన్నాక జ్యోతి, "అక్కా, నువ్వు చదివినట్టే ఉన్నది" అంది. నాకు అంతకంటే పెద్ద మాట అక్కర్లేకపోయింది.

మందులు పనిచేశాయి. మూడేళ్లు పెద్దగా ఏమీ దిగజారకుండా, కొన్ని మాటలు తక్కువగా, మా మధ్యే తిరిగారు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో వెళ్లిపోయారు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, చుట్టాలు పలచబడ్డ సమయం చూసి చాచీ దగ్గరికి వెళ్లాను. ఆమె వరండాలో కూర్చుని పెద్ద గిన్నెలు తుడుస్తోంది. పక్కన కూర్చుని చెప్పేశాను. విమానం అబద్ధం, చెవుల డాక్టరు, ఆరు నెలల మాట, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆమె గిన్నె తుడుస్తూనే ఉంది. అయ్యాక దాన్ని బోర్లించి పెట్టింది.

"నాకు తెల్వదనుకున్నవా బేటీ," అంది. "నీకంటె ముందే చూసిన. ఒకరోజు నమాజుకు పోయి వస్తు వస్తు, మన గల్లీ దాటి ముందుకు పోయిండు. నేను తలుపు కాడ నిలబడి చూసిన. జర దూరం పోయి, ఆగి, అటు ఇటు చూస్తుండె. నేను పిలిస్తె వచ్చిండు. ఇగ ఆ రోజు సంది నమాజు వేళకు తలుపు కాడ నిలబడుడు, ఆయన కనబడంగనే పిలుసుడు. ఆయన ఏమనుకున్నడో తెలుసా? నేను ఎదురుచూస్తున్ననుకున్నడు. గీ వయసుల గూడ నా కోసం ఎదురుచూస్తది అని, ఖుష్ అయి నవ్వుకుంట వస్తుండె. గా నవ్వు చూసి నేనెట్ల చెప్పాలె, చెప్పు?"

లోపల ఎవరో పిల్లను నిద్రపుచ్చుతున్నారు.

"ఆ ఆరు నెలలల్ల సగం నావి," అంది చాచీ, ఇంకో గిన్నె అందుకుంటూ. "మొత్తం నువ్వొక్కదానివే మోసుకపోకు."

నేను తీసుకున్న సగం నా దగ్గరే ఉంది. అది బరువుగా ఉండడం మంచిదే అనుకుంటాను. ఎందుకంటే ఈ మధ్య తొండుపల్లిలో మా ఇంటికి వెళ్లినప్పుడు, బాపు లోపలికి రాగానే అమ్మ చప్పుడు చేయకుండా బకెట్టు దారిలోంచి పక్కకు జరపడం చూశాను. నేను కూడా, అనుకోకుండానే, పగటిపూట లైటు వేశాను. బాపు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఎన్నాళ్లుగా జరుపుతున్నాం బకెట్లను? అమ్మ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. నాకూ వద్దనే ఉంది. బాపు రోషం మనిషి. అయినా ఆయన ముందు కూర్చుని, "బాపు, నీకు సరిగ కనిపిస్తలేదు. మేం చూసి గూడ చెప్పలే. రేపు దవాఖానకు పోదాం" అన్నాను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే బయలుదేరాడు. రెండు కళ్లలోనూ పొర వచ్చిందన్నారు. ముందు కుడికన్ను ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు ఇంటికి తీసుకువచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. అమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. బాపు చాయ్ అందుకోకుండా ఆమెనే చూస్తూ ఉన్నాడు.

"నీ ఎంట్రుకలు గింత తెల్లగ ఎప్పుడైనయే?" అన్నాడు.

"నువ్వు చూడనప్పుడు," అంది అమ్మ. కొంగుతో తల కప్పుకోబోయి, ఎందుకో కప్పుకోకుండా అలాగే నిలబడింది.